ఆమె తాళంచెవి ఎక్కడ పెట్టుకుంటుంది

లాస్ ఏంజిలస్ నుంచి మంగళవారం పెట్టె వచ్చింది.
మాండలుయోంగ్‌లో వాన. పెట్టె మూలలు నాని మెత్తబడ్డాయి.
మాంగ్ తెరోయ్ కత్తెరతో పురి కోసి
నమూనా కాగితాలు బల్ల మీద పరిచాడు:
అయిదుగురు మగ వీరులు, ఒక ఆడమనిషి.

వాళ్ళకి బూట్లు, మోకాళ్ళకి రేకులు,
నడుముకి పటకా, పటకాకి సంచులు.
ఒకడి చొక్కాకైతే ఏడు జేబులు.
ఏడింట్లో ఏముందో కథ రాసినవాడికీ తెలీదు.
ఆమెకి ఈతకొలను బట్ట,
నాలుగంగుళాల మడమలు,
పిడికిట్లో పట్టే నడుము.
పక్కన ఒక ముక్క రాసి, కింద రెండు గీతలు గీశారు:
ఎప్పుడూ అందంగా.
పరిగెడుతున్నా, పడుతున్నా,
కొండ విరిగి నెత్తిన పడుతున్నా.

నా పని మధ్య బొమ్మలు.
మొదటి అడుగూ చివరి అడుగూ పెద్దవాళ్ళు వేస్తారు,
నడుమ అయిదూ నావి.
కూలి బొమ్మకింత. గీతలు పెరిగితే సెంటావో పెరగదు.
అందుకే జేబులంటే నాకేం ప్రేమ లేదు.
ఏడు జేబులవాణ్ణి గీసిన రాత్రి
మణికట్టుకి వేడినీళ్ళ గుడ్డ చుట్టుకుని పడుకున్నాను.
ఆమెని గీయడం తేలిక, ఒప్పుకోవాలి.
గీతలు తక్కువ, చర్మం ఎక్కువ,
రంగులవాళ్ళకి ఒకటే డబ్బా.

కానీ ఆమె తిరగదు.
నమూనాలో ముందువైపు ఉంది, పక్కవైపు ఉంది.
ముందు నుంచి పక్కకి వెళ్ళే దారిలో
పక్కటెముకలకి చోటు లేదు.
లేని నడుమని పద్యంలో పొగడొచ్చు.
వెలుగుబల్ల మీద కాగితంపై కాగితం వేసి
మూడో బొమ్మలో దాన్ని వంచాలంటే
ఊపిరితిత్తులు ఎక్కడ సర్దను?

పరుగూ అంతే.
ముందు ఆనేది మడమా, మునివేళ్ళా?
అడిగితే మాంగ్ తెరోయ్ మెడ గోక్కున్నాడు.
లెక్కలు రాసే పురిఫికాసియోన్ జోళ్ళు అరువడిగి
నడవాలో పరిగెత్తాను,
రంగుల గది నుంచి మరుగుదొడ్డి దాకా, మళ్ళీ వెనక్కి.
కుర్రాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఈల వేశారు.
లిబోరియో ఒక్కడే గడియారం పట్టుకుని చూశాడు.
"అక్కా, నువ్వు పరిగెట్టడం లేదు,
పడకుండా చూసుకుంటున్నావు."
మూడోసారికి ఎడమ మడమ విరిగింది.
అదే గీశాను, ప్రతి అడుగూ పడబోయి ఆగడం.
బాగుందన్నారు.
హొయలు, అన్నారు.

తొమ్మిదో భాగంలో ఆమె చెరసాల తలుపు తెరవాలి.
తాళంచెవి తీస్తుంది, అని రాసుంది.
ఎక్కడి నుంచి?
రెండు రోజులు ఫాక్సులు నడిచాయి.
జవాబు: వెనక నుంచి.
వెనక ఏముందని!
ఆ కాగితం గోడకి అంటించుకుని వారమంతా నవ్వుకున్నాం.

అదే వారం ఒక రాత్రి కరెంటు పోయింది.
వెలుగుబల్లలన్నీ ఒక్కసారే గుడ్డివయ్యాయి.
చీకట్లో కూర్చుంటే మా అమ్మ ఏప్రన్ గుర్తొచ్చింది,
చేపల పొలుసులు ఎండి మెరిసే ఏప్రన్,
లోపలివైపు ఎవరికీ కనపడకుండా కుట్టుకున్న జేబు.
అందులో చిల్లర, నా బడి ఫీజు,
అరిగిపోయిన పునీతుడి బిళ్ళ,
ఒకసారి, మూడు వీధుల దూరం, ఒక పిల్లికూన.

కరెంటొచ్చాక తుంటి మీద జేబు గీశాను.
నాలుగు గీతలు, పైసా రానివి.
చెయ్యి లోపలికి వెళ్తుంది, బట్ట కాస్త ఉబ్బుతుంది,
వేళ్ళు వెతుక్కుంటాయి, చెవి దొరుకుతుంది.
ఆమె ముఖం ఆ కాసేపూ అందంగా లేదు.
ఏదో వెతుక్కునేవాళ్ళ ముఖం.

పెట్టె వెళ్ళింది. పెట్టె వచ్చింది.
ఎర్ర పెన్సిలు: నమూనాలో లేదు, మళ్ళీ గీయండి.
గీశాను. చెయ్యి వెనక్కి వెళ్ళింది,
గాల్లోంచి చెవి వచ్చింది,
ముఖం చక్కగా నవ్వింది.

మళ్ళీ గీసినందుకు కూలి మళ్ళీ ఇచ్చారు.
వంతెన కింద చెప్పులు కుట్టే ముసలాయన
విరిగిన మడమని తిప్పి తిప్పి చూశాడు.
"వీటితో ఏం చేశావమ్మా?"
పరిగెత్తానన్నాను.
నమ్మలేదు.
ఎంతయిందని అడిగి
జేబులో చెయ్యి పెట్టాను.